అక్కని విలన్ చేసే ముందు

చిన్నీ,

ఉద్యోగానికి ఆరు నెలలు సెలవు పెట్టి మాంగా, అదే జపాన్ బొమ్మల కథలు, గీస్తానన్నావట, రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. సగం ఏడుపు, సగం గొప్ప. నాకూ అంతే అనుకో. కథేమిటే అంటే "అక్కాచెల్లెళ్లు, పక్కింటబ్బాయి, అక్క కుళ్లుమోతు" అన్నావటగా. అది విన్నాక నాకు నిద్ర పట్టలేదు, అందుకే ఈ ఉత్తరం.

మామూలువి ముందు చెప్పేస్తాను. గీతలకి దిగేముందు కథంతా చిత్తుగా పేజీల్లో వేసుకో, జపాన్‌లో దాన్ని 'నేము' అంటారు. మొదటిసారే పది సంపుటాలు ఎత్తుకోకుండా ముప్పై పేజీల్లో అయిపోయేది గీయి. పేజీలు జపాన్ వాళ్లలా కుడి నుంచి ఎడమకా, మనలాగానా అన్నది మొదటిరోజే తేల్చుకో. గంటకోసారి లేచి చెయ్యి విదిలించు, మణికట్టు పట్టేసిందంటే ఎవరు గీస్తారు?

మీ బాబాయి ఉద్యోగం వల్ల టోక్యోలో, నిషికసాయిలో ఉన్నన్నాళ్లూ నాకు బడి అమ్మాయిల కోసం వేసే మాంగాలే. కంజి అనే చిత్రాక్షరాల పక్కన పలికే తీరు సన్నగా వేస్తారు, నాలాంటి వాళ్లకి అదే గురువు. పాత పుస్తకాల కొట్లో వంద యెన్‌లకొకటి చొప్పున సంచీ నింపుకొచ్చేదాన్ని. ఓ ఇరవై కథలయ్యాక పేజీ తిప్పకుండానే చెప్పేయడం వచ్చేసింది. ఏప్రిల్‌లో బడి తెరుస్తారు, కొత్త పిల్లాడొస్తాడు. ఎండాకాలం యుకాతాలు (పల్చటి నూలు కిమోనోలు), బాణసంచా, వాడు నోరు తెరిచి మనసులో మాట చెప్పే క్షణానికే ఆకాశంలో ఢాం, ఆ పిల్లకి వినపడదు. ఎవరికో జ్వరం, ఇంకొకరు గంజి పట్టుకెళ్తారు. ఫిబ్రవరి 14న ఆడపిల్ల చాక్లెట్ ఇస్తే మార్చి 14న అబ్బాయి బదులిస్తాడు. ఇవే మళ్లీ మళ్లీ రావడం ఊహ లేక కాదు. నెలనెలా వచ్చే పత్రికలో కథ కూడా పిల్లల స్కూలు ఏడాదితో పాటే నడుస్తుంది, ఏ కథ నచ్చిందో పోస్టుకార్డు మీద చెప్పేదీ వాళ్లే. భద్రాచలంలో ఏటా అదే కల్యాణం జరిగినా మనం వెళ్లడం మానామా? కాబట్టి పాత కథే అని టెన్షన్ పడకు. బాణసంచా నువ్వూ కాల్చు.

నా భయమంతా ఆ అక్క గురించే. అదాచి మిత్సురు 'టచ్' చదివావా? 1981 నుంచి 86 దాకా మగపిల్లల వారపత్రికలో వచ్చింది. కవల అన్నదమ్ములు, పక్కింటి అమ్మాయి, నీ కథ లాంటి మూసే. కానీ అందులో తమ్ముడు కుళ్లుమోతు కాదు, బంగారం. సగం కథ కాకుండానే రోడ్డు ప్రమాదంలో పోతాడు (చదవకపోతే తిట్టుకో). లేని తమ్ముడితో అన్న ఎలా పోటీ పడతాడు చెప్పు?

నేనేం చేశానో విను. పెళ్లికి ముందు ఒక వారపత్రికలో నా కథ పడింది. చెల్లెలికొచ్చిన ప్రేమలేఖని అక్క దాచేస్తుంది, అదీ కథ. అబద్ధం చెప్పేటప్పుడల్లా ఆ అక్క పమిట చెంగు వేలికి చుట్టుకుంటుంది. ఆ అలవాటు మీ అమ్మది. లేఖ మాత్రం శుద్ధ అబద్ధం, అప్పట్లో నేను చదివిన సీరియళ్లలో అక్కలంతా ఉత్తరాలు దాచేవాళ్లు, నేనూ దాయించాను. పత్రిక రాగానే మీ అమ్మ "మా చెల్లి కథ పడింది" అంటూ పిట్టగోడ దగ్గరికి పక్కింటివాళ్లని పిలిచి పైకి చదవడం మొదలెట్టింది. చెంగు దగ్గరికొచ్చేసరికి గొంతు ఆగింది. పత్రిక మెల్లగా మూసి, "అన్నం వండాలి" అని లోపలికెళ్లిపోయింది. ఒక్క మాటనలేదు. తిట్టినా బాగుండేది. ఆ తర్వాత తను చెంగు చుట్టుకోగా నేను చూడలేదే, ఇవాళ్టికీ.

రాయాల్సింది ఇంకోటి ఉంది. ఆ ముందు ఏడాది మీ అమ్మని చూసుకోవడానికొచ్చిన వాళ్లు చిన్నమ్మాయిని ఇస్తారా అని కబురు పెట్టారు, తాతయ్య కుదరదన్నారు. ఆ రాత్రి కూడా రోజూలాగే మీ అమ్మ నాకు జడ వేసింది. కణతలు లాగేసేంత బిగుతుగా. నేను అబ్బా అనలేదు, తను ఆపలేదు. చివర్లో రిబ్బను ముడేసి, ఒకసారి విప్పి, మళ్లీ వదులుగా వేసింది. ఇంత చేతిలో పెట్టుకుని నేనెవరివో ఉత్తరాలు దాయించానే, మొద్దుని!

మీ అక్క నీ కలర్ పెన్సిళ్లు విరిచిందనీ, ఫస్టు మార్కులన్నీ దానివేననీ నాకు తెలుసు. అదంతా వాడుకో, నీదే. కానీ కథలో దాన్ని ఉరి తీసేముందు దానికీ ఒక రాత్రి ఇవ్వు. మొదటి ముప్పై పేజీలూ నాకంటే ముందు దానికే చూపించు, చూపించి పక్కన కూచోకుండా టీ పెట్టడానికెళ్లు.

డబ్బు అవసరమైతే బాబాయిని కాదు, నన్నడుగు. రాత్రి పెరుగన్నం మానకు. ఈ ఉత్తరం మీ అమ్మకి చూపించకు. చూపించినా ఫర్వాలేదులే.

మీ పిన్ని