ఇన్‌హేలర్ సంగతి తర్వాత, ముందు ఆ బిళ్ళలు చూపించండి

ప్రశ్న: నా వయసు 56. మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. మూడేళ్లుగా దగ్గు, నాలుగు అడుగులేస్తే ఆయాసం. ఈమధ్య ఊదే పరీక్ష చేసి సీఓపీడీ (ఊపిరితిత్తుల్లో గాలి దారులు సన్నబడే దీర్ఘకాలిక జబ్బు) అన్నారు. నేనెప్పుడూ చుట్ట ముట్టలేదు. ఇన్‌హేలర్ మొదలెడితే అలవాటైపోతుందంటున్నారు. ఇన్నాళ్లూ మా ఊరి ఆర్‌ఎంపీ గారిచ్చే తెల్ల బిళ్ళలతో సర్దుకునేది. అవే వాడుకోవచ్చా? పెరుగు, అరటిపండు మానేయాలా?
– ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, నాకు టెన్షన్ పెడుతున్నది ఆ తెల్ల బిళ్ళలు. పేరు లేకుండా పొట్లం కట్టి ఇచ్చే ఆయాసం బిళ్ళల్లో చాలాసార్లు డెక్సామెథాసోన్, ప్రెడ్నిసొలోన్ లాంటి స్టెరాయిడ్ ఉంటుంది. మీవీ అవేనని చూడకుండా చెప్పలేను. వేసుకున్న పూటే హాయిగా ఉంటుంది, ఆకలీ వేస్తుంది. అందుకే వాటికంత మంచి పేరు! ఆయాసం ఉన్నట్టుండి ఎక్కువైనప్పుడు మేమూ ఐదు రోజులకు రాస్తాం. నెలల తరబడి మింగితే మాత్రం షుగర్, బీపీ పెరుగుతాయి, ఎముకలు గుల్లబారతాయి, కంట్లో శుక్లాలొస్తాయి. అలాగని ఇది చదివి రేపే మానేయకండి. చాలాకాలం వాడి ఒక్కసారిగా ఆపితే బీపీ పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. పొట్లంతో సహా మీకు పరీక్ష చేసిన డాక్టరు దగ్గరికి వెళ్లండి. అవసరమైతే మోతాదు తగ్గిస్తూ ఆపిస్తారు. షుగర్ కూడా చూపించుకోండి.

ఇన్‌హేలర్ మత్తుమందు కాదు. మందు మైక్రోగ్రాముల్లో నేరుగా ఊపిరితిత్తులకే వెళ్తుంది. పీల్చే పద్ధతి నర్సు ముందు చేసి చూపించండి. పీల్చాల్సిన క్యాప్సూల్‌ని మంచినీళ్లతో మింగేసేవారు ఇప్పటికీ వస్తుంటారు. ఇన్‌హేలర్ మందులో స్టెరాయిడ్ ఉంటే పీల్చాక నోరు పుక్కిలించాలి.

చుట్ట ముట్టలేదన్నారు, పొయ్యి సంగతి రాయలేదు. ఏళ్ల తరబడి కట్టెల పొగ పీల్చినా ఈ జబ్బు వస్తుంది. మీ వైపు గ్యాసున్న ఇళ్లలోనూ వేణ్ణీళ్లకి కొబ్బరి మట్టల పొయ్యే కదా! ఆ పని ఇంకొకరికి అప్పగించడం కాదు, ఆ పొయ్యే మాన్పించండి. ఇంట్లో ఎవరైనా చుట్ట తాగుతుంటే బయటికి పంపండి.

మూడేళ్ల దగ్గుతో ఇంత ఆలస్యంగానా రావడం? ఎక్స్‌రే, టీబీ కోసం కఫం పరీక్ష అయ్యాయో లేదో కనుక్కోండి. పెరుగు, అరటిపండు మీకు పడితే తినండి.

మాట పూర్తిచేయలేనంత ఆయాసం, పెదాలు నీలంగా మారడం, మగత కనిపిస్తే ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేయించండి. దాళ్వా నూర్పిళ్ల దుమ్ముకి, గడ్డి తగలబెట్టే చోటికి దూరంగా ఉండండి. ఏటా ఫ్లూ టీకా, దాంతోపాటు న్యుమోనియా టీకా గురించి మీ డాక్టరునే అడగండి.