నవ్వు పుట్టే మాట చివర రావాలి

ప్రశ్న: నేను డిగ్రీ చివరి సంవత్సరం చదువుతున్నాను. కళాశాల వార్షికోత్సవంలో పది నిమిషాలు స్టాండప్ కామెడీ చేస్తే అందరూ బాగా నవ్వారు. అవే జోకులను రాసి ఒక టీవీ కార్యక్రమానికి పంపితే, నవ్వు రావడం లేదని తిప్పి పంపారు. వేదిక మీద నవ్వించేవాడు టీవీకి రాయలేడా? మా సీమ యాస అందుకు అడ్డమా?
– ఒక పాఠకుడు, గుంతకల్లు

జవాబు: తప్పకుండా రాయగలడు. అయితే ఆ రెండూ వేరు వేరు పనులు. వేదిక మీద మీ గొంతు, మీ ముఖం, మీరు ఆగిన అర క్షణం కూడా జోకులో భాగమే. కాగితం మీదికి వచ్చేసరికి అవన్నీ పోయి వాక్యం ఒక్కటే మిగులుతుంది, దానిని పలికేది కూడా మరొకరు.

తెలుగులో ఇంకొక చిక్కు ఉంది. మన వాక్యం క్రియతో ముగుస్తుంది కాబట్టి నవ్వు పుట్టించే మాట చాలాసార్లు మధ్యలోనే చెప్పేస్తాం. ‘అప్పు అడిగినప్పుడే మా మామకు చెవుడు వస్తుంది’ అని రాస్తే విషయం తెలుస్తుంది కాని నవ్వు రాదు. ‘మా మామకు సెవుడొచ్చేది ఒకసారే, అప్పడిగినప్పుడు’ అని తిప్పి చూడండి. స్టాండప్‌కు ఇది చాలు, టీవీ స్కెచ్‌కు, అంటే నటులు ఆడి చూపే చిన్న హాస్య సన్నివేశానికి, చాలదు. అక్కడ మామకు ఎదురుగా ఇంకొక మనిషి కావాలి, ఆ మనిషికి డబ్బు అవసరం ఉండాలి. అప్పు కోసం వచ్చిన బావమరిది, మామ చెవుడు సంగతి తెలిసినవాడు కనుక, నోరు మెదపకుండా పలక మీద రాసి చూపిస్తే, మామ జేబులు తడుముకుంటూ కళ్లజోడు దొరకలేదంటాడు. మీరు పంపినవి బహుశా వాక్యాలే అయి ఉంటాయి. వారికి కావలసింది ఇలాంటి దృశ్యం.

ఇక యాస. అది అడ్డం కాదు, మీ పెట్టుబడి. సీమ అనగానే కత్తులు, బాంబులు, తొడగొట్టడం రాసేవారిని చూస్తే నాకు నిజంగా బాధ కలుగుతుంది. మన ఇళ్లలో జేజి కసురుకునే తీరులో, ఉగ్గాని బండి దగ్గర బాకీ లెక్కల్లో, మీ జంక్షన్‌లో రైలు కోసం కూర్చున్నవారి మాటల్లో ఎంత హాస్యం ఉందో అక్కడ పెరిగిన మీకే తెలుసు. చిత్రసీమలో పేరు తెచ్చుకున్న హాస్యనటుడు పద్మనాభం 1931లో కడప జిల్లా సింహాద్రిపురంలో పుట్టినవారే. కనిగిరిలో పుట్టిన హిందీ సినిమా హాస్యనటుడు జానీ లీవర్ ముంబైలో తాను పనిచేసిన హిందుస్థాన్ లీవర్ కర్మాగారంలోని అధికారులనే అనుకరించి ఆ పేరు పొందారు. తాను రోజూ చూసిన మనుషులే ఆయనకు సరుకయ్యారు.

తిరస్కారం గురించి ఒక మాట. న్యూయార్క్ క్లబ్బుల్లో స్టాండప్ చేసిన లారీ డేవిడ్ 1984-85లో ‘శాటర్‌డే నైట్ లైవ్’ అనే అమెరికన్ టీవీ హాస్య కార్యక్రమానికి రచయితగా చేరారు. ఆయన రాసిన స్కెచ్‌లు దాదాపు ఏవీ ప్రసారానికి నోచుకోలేదు. ఒకనాడు కోపం పట్టలేక ఉద్యోగం మానేస్తున్నానని చెప్పి వెళ్లిపోయి, తొందరపడ్డానని అర్థమై, సోమవారం ఏమీ జరగనట్టే వచ్చి కూర్చున్నారు. తరువాత మరో స్టాండప్ కళాకారుడు జెరీ సైన్‌ఫెల్డ్‌తో కలిసి తాను సృష్టించిన, 1989లో మొదలై 1998 వరకు తొమ్మిది సీజన్లు నడిచిన ‘సైన్‌ఫెల్డ్’ అనే టీవీ హాస్య ధారావాహికలో ఒక పాత్ర చేత అచ్చంగా అదే పని చేయించారు. మీకు తిరిగి వచ్చిన కాగితాలు ఇంట్లో ఎవరి కంట పడ్డాయో, వారు ఏమన్నారో, ఆ మాటలు మరువక ముందే రాసిపెట్టుకోండి.

ప్రశ్న: నేను వేదిక మీద చెప్పిన జోకును వేరొకరు టీవీలో చెప్పారు. ఏమైనా చేయగలనా?
– ఒక పాఠకురాలు, కడప

జవాబు: ఆలోచనకు రక్షణ లేదు, దానిని మీరు చెప్పిన రూపానికే ఉంది. ఒక నాటక రచయిత తన నాటకాన్నే సినిమాగా తీశారని వేసిన దావాలో సుప్రీంకోర్టు 1978లో ఈ సంగతినే స్పష్టం చేసింది. కాబట్టి అత్తాకోడళ్ల మీద జోకు అంటే అది ఎవరిదైనా కావచ్చు; మీ మాటలు, మీ మలుపులు వరుసగా కనిపిస్తే మాత్రం అడిగే హక్కు మీకుంది. 1957 నాటి కాపీరైట్ చట్టం కింద రాసిన క్షణం నుంచే హక్కు మీదవుతుంది, నమోదు తప్పనిసరి కాదు. కాని రుజువు కావాలి. ప్రదర్శనకు ముందే పాఠాన్ని పూర్తిగా రాసి, మీకు మీరే ఈమెయిల్ చేసుకుంటే తేదీ నిలిచి ఉంటుంది. ఇప్పుడు పోయిన జోకుకు మీ దగ్గర వీడియో ఉంటే, దానిని జతచేసి ఆ కార్యక్రమ నిర్మాతలకు మర్యాదగానే ఉత్తరం రాయండి.