ఐఎన్ఆర్ నార్మల్, అయినా నెత్తురు ఊరుతూనే ఉంటే

ఐఎన్ఆర్ (రక్తం గడ్డకట్టడానికి పట్టే సమయాన్ని చూసే పరీక్ష) నార్మల్‌గా ఉన్నా ఆపరేషన్‌లో గాయం నుంచి నెత్తురు ఎందుకు ఆగడం లేదని అడిగారు. కారణం చాలావరకు రోగి ఒళ్లు చల్లబడడం, దానికి తోడు రక్తంలో కాల్షియం తగ్గడం. నిన్నటి కేసులో 6 యూనిట్ల రక్తం ఎక్కించాక, ట్రానెక్సామిక్ యాసిడ్ (రక్తస్రావం తగ్గించే మందు) ఇచ్చాక కూడా గాయమంతా ఊరుతూనే ఉందన్నారు. ఒంటి వేడి 34.6 డిగ్రీలని మీరే రాశారు.

ఎక్కువమంది ఇక్కడే పొరబడతారు: ల్యాబ్‌లో ఐఎన్ఆర్ పరీక్షను 37 డిగ్రీల దగ్గర చేస్తారు. టేబుల్ మీదున్న రోగి రక్తం అంత వెచ్చగా లేదు. అందుకే రిపోర్టు బాగుంటుంది, గాయం మీద పెట్టిన గాజ్ గుడ్డ మాత్రం నిమిషంలో తడిసి ఎర్రబడుతుంది. చల్లబడితే ప్లేట్‌లెట్లు (రక్తాన్ని గడ్డకట్టించే కణాలు) సరిగా పనిచేయవు.

మళ్లీ ఇలా అయితే:

1. వేడి గాలి దుప్పటి వేయండి. రక్తం, సెలైన్ అన్నీ వార్మర్ (వేడిచేసే పరికరం) గుండానే వెళ్లాలి.

2. బ్లడ్ గ్యాస్ పరీక్షలో అయనైజ్డ్ కాల్షియం (రక్తంలో దేనికీ అంటుకోకుండా పనికొచ్చే కాల్షియం) చూడండి. రక్తం సంచిలో గడ్డకట్టకుండా కలిపే సిట్రేట్ దాన్ని పట్టేస్తుంది. లీటరుకు 1.1 మిల్లీమోల్ కంటే తగ్గితే కాల్షియం ఇవ్వండి, రక్తం వెళ్లే లైన్‌లో మాత్రం వద్దు, గడ్డకడుతుంది. 10 శాతం కాల్షియం క్లోరైడ్‌లో 10 శాతం కాల్షియం గ్లూకోనేట్ కన్నా దాదాపు 3 రెట్లు కాల్షియం ఉంటుంది, ఆంపుల్ మీద పేరు చదివి తీయండి.

3. ఫైబ్రినోజెన్ (రక్తం గడ్డకట్టడానికి కావాల్సిన ప్రోటీన్) ఎంతుందో ల్యాబ్‌ను అడగండి.

4. నొప్పికి కీటోరోలాక్, డైక్లోఫెనాక్ వద్దు, ప్లేట్‌లెట్లను ఇంకా దెబ్బతీస్తాయి. పారాసిటమాల్, ఫెంటానిల్ చాలు.

ఒకేచోట నుంచి చిమ్ముతుంటే ఇవేవీ పనిచేయవు, అక్కడి రక్తనాళాన్ని సర్జన్ కట్టాల్సిందే.