బాష్ ముందు నేర్చుకోవాలా, పవర్‌షెల్ ముందు నేర్చుకోవాలా?

విజయవాడలో కొత్తగా ఉద్యోగంలో చేరానని, ఆఫీసులో విండోస్, సర్వర్‌లో లినక్స్, ఇంట్లో మ్యాక్ ఉన్నాయని, ఏ షెల్‌తో (టైపు చేసిన కమాండ్లను కంప్యూటర్‌తో చేయించే ప్రోగ్రామ్‌తో) మొదలుపెట్టాలని మీరు అడిగారు. గుంటూరులో మిర్చి కమిషన్ వ్యాపారుల లెక్కలు చూసే ఒక చిన్న సంస్థలో కొన్నేళ్లుగా లినక్స్‌లో బాష్, విండోస్‌లో పవర్‌షెల్ అనే ఈ రెండు షెల్‌లతోనూ పనిచేస్తున్నాను. నా మాటగా చెప్పాలంటే, సర్వర్ మీ బాధ్యత అయితే ముందు బాష్ నేర్చుకోండి. దేన్ని నేర్చుకున్నా, ఒక కమాండ్ ఫలితాన్ని మరో కమాండ్‌కు అందించే పైపు గుండా ఏం వెళ్తోందో మాత్రం మొదటి రోజే తెలుసుకోండి.

1989లో బ్రయాన్ ఫాక్స్ గ్నూ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టు కోసం రాసిన బాష్‌లో ఒక కమాండ్ నుంచి మరొక దానికి అందేది ఉత్త బైట్ల వరుస. ఫైలు సైజు కావాలంటే ఫైళ్ల వివరాలు చూపే 'ఎల్ఎస్ -ఎల్' ఇచ్చిన వరుసలో ఐదో గడిని, వరుసలను గడులుగా విడగొట్టే ఆక్ కమాండ్‌తో విడదీయాలి. పేరును కూడా అలాగే తీయబోతే, 'తేజ ధరలు' లాగా మధ్యలో ఖాళీ ఉన్న పేరు రెండు ముక్కలవుతుంది. 2006లో వచ్చిన పవర్‌షెల్‌లో వెళ్లేది ఆబ్జెక్ట్, అంటే పేరు, సైజు లాంటి వివరాలు విడివిడిగా ఉన్న మూట కాబట్టి, లెంగ్త్ అని అడిగితే సైజు నేరుగా సంఖ్యగానే చేతికి వస్తుంది. ఈ సౌకర్యం నిజంగా గొప్పది. అయితే ఆ ఆబ్జెక్ట్ ఫైలులోకి దిగి అక్షరాలుగా మారేచోటే నేను దెబ్బతిన్నాను.

మిర్చి యార్డు ధరల పట్టికను విండోస్‌తో పాటు వచ్చే పవర్‌షెల్ 5.1లో తయారుచేసి, '>' గుర్తుతో ఫైలులోకి మళ్లించి, లినక్స్ సర్వర్‌కు పంపేవాణ్ణి. అక్కడ ఫైళ్లలో మాటలను వెతికే గ్రెప్ కమాండ్‌తో 'తేజ' అని వెతికితే ఒక్క వరుస కూడా రాలేదు. అదే ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే తేజ, 334, 341 మిర్చి రకాలన్నీ చక్కగా కనిపించేవి. సగం రోజు గడిచాక 'ఫైల్' అనే కమాండ్ ఇచ్చి చూస్తే, అక్షరాలను బైట్లుగా రాసే పద్ధతుల్లో అది యూటీఎఫ్-16 అని తేలింది. అందులో తెలుగు అక్షరాలకూ గుణింతపు గుర్తులకూ ఉన్న కోడ్ ఒక్కోటి రెండు బైట్లు, సర్వర్ ఎదురుచూసే యూటీఎఫ్-8లో మూడు బైట్లు. ఇక పోలిక ఎలా కుదురుతుంది? ఒక పద్ధతి నుంచి మరో పద్ధతికి మార్చే ఐకాన్వ్ కమాండ్‌తో యూటీఎఫ్-8లోకి మార్చగానే అన్ని వరుసలూ వచ్చాయి. 5.1లోనే యూటీఎఫ్-8 అని అడిగి రాయించినా ఫైలు మొదట్లో మూడు బైట్ల గుర్తు ఒకటి చేరుతుంది, మొదటి వరుసను అది పాడుచేస్తుంది. అందుకే విడిగా పవర్‌షెల్ 7 వేసుకున్నాను. దాని సహజ పద్ధతే ఆ గుర్తు లేని యూటీఎఫ్-8.

విండోస్‌లో రాసిన బాష్ స్క్రిప్టుల్లో (కమాండ్లు రాసుకున్న ఫైళ్లలో) ప్రతి వరుస చివర కంటికి కనిపించని అదనపు అక్షరం ఉండిపోతుంది. సర్వర్‌కు పంపేముందు దాన్ని తీసేసే డాస్‌టూయూనిక్స్ నడపండి.

మ్యాక్ సంగతికొస్తే, 2019 నాటి కాటలినా అనే మ్యాక్ వెర్షన్ నుంచి అక్కడ కొత్త ఖాతాలకు జడ్‌షెల్ అనే మరో షెల్ ఇస్తున్నారు. పక్కనే ఉండే బాష్ మాత్రం పాత 3.2. బాష్ 4లో వచ్చిన పేర్ల సూచికల అర్రేలు (విలువలను సంఖ్యలతో కాక పేర్లతో దాచుకునే జాబితాలు) అందులో పనిచేయవు కాబట్టి, సర్వర్ కోసం రాసే స్క్రిప్టును ఇంటి మ్యాక్‌లో కాకుండా ఆఫీసు విండోస్‌లోనే లినక్స్‌ను నడిపించే డబ్ల్యూఎస్ఎల్‌లో పరీక్షించుకోండి.