రోదసి నుంచి దిగాక ఏం చేశారు?

ప్రశ్న: రాకేశ్ శర్మ అంతరిక్షం నుంచి వచ్చాక మళ్లీ మామూలు ఉద్యోగం చేశారా? (డిగ్రీ విద్యార్థిని)

జవాబు: చేశారమ్మా, అదీ విమానాలు నడిపే ఉద్యోగమే. 1984 ఏప్రిల్ 3న సోయుజ్ టి-11 వ్యోమనౌకలో బయల్దేరి, సల్యూత్-7 అంతరిక్ష కేంద్రంలో గడిపి, ఎనిమిది రోజుల్లో దిగిన సంగతి అందరికీ తెలుసు. వైమానిక దళంలో ఇంజన్ల మరమ్మతు చూసిన నాకు మాత్రం ఆ తర్వాతి జీవితమే ఇంకా గొప్పది. వింగ్ కమాండర్‌గా రిటైరై, 1987లో విమానాలు తయారుచేసే ప్రభుత్వ సంస్థ హెచ్‌ఏఎల్‌లో (హిందుస్థాన్ ఏరోనాటిక్స్) టెస్ట్ పైలట్‌గా చేరారు. ముందు నాసిక్, తర్వాత బెంగళూరు.

టెస్ట్ పైలట్ పనంటే మాటలు కాదు. కొత్తగా తయారైన విమానాన్ని పైకి తీసుకెళ్లాలి. వేగం తగ్గిస్తూ తగ్గిస్తూ ఎక్కడ పట్టు తప్పుతుందో చూడాలి. దిగాక ఏ ఎత్తులో, ఏ వేగంలో ఏ కుదుపు వచ్చిందో ఇంజనీర్లకు పూసగుచ్చినట్టు చెప్పాలి. ఆయన మాట మీదే ఆ విమానం మరో కుర్ర పైలట్ చేతికి వెళ్తుంది. ప్రపంచమంతా పేరొచ్చాక కూడా ఏళ్ల తరబడి ఈ పని చేశారంటే నాకు చెప్పలేనంత గౌరవం.

ఇప్పుడు తమిళనాడులోని కూనూరులో ఉంటున్నారు. అన్నట్టు, ఆయన మన హైదరాబాద్ నిజాం కాలేజీ విద్యార్థే!