రౌటర్ తర్వాత, ముందు పైపు వేయించు

చిన్నా,

ఏ రౌటర్ కొనాలో చెప్పమన్నావు. పై స్లాబ్ ఇంకా పడలేదన్నావు కాబట్టి ముందు పైపు సంగతి చెబుతాను. హాల్లో ఫైబర్ దిగే చోటి నుంచి పై గది దాకా, కరెంటు వైర్లతో కలపకుండా విడిగా ఒక పైపు వేయించు. అందులో క్యాట్ 6 కేబుల్ (నెట్‌వర్క్ వైరు) లాగితే పైన ఇంకో యాక్సెస్ పాయింట్, అంటే వైఫై అందించే ఇంకో పెట్టె, పెట్టుకోవచ్చు. మా ఇల్లు కట్టినప్పుడు నాకీ ఆలోచన రాలేదు. తర్వాత గోడ కొట్టించడానికి మీ పెద్దమ్మ ఒప్పుకోలేదు. ఇప్పటికీ మెట్ల మీద కూర్చునే వీడియో కాల్ మాట్లాడుతున్నా.

రౌటర్ అట్టపెట్టె మీద 1200, 3000 అని పెద్ద అంకెలుంటాయి చూడు, అవి 2.4, 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్ల (వైఫై వాడే రెండు రేడియో తరంగాల శ్రేణుల) వేగాలు కలిపి వేసినవి. నీ ఫోను మామూలుగా ఒక్కసారికి ఒక బ్యాండే వాడుతుంది. పైగా వైఫైలో గాలి అందరిదీ. ఒక ఛానెల్లో, అంటే బ్యాండులోని ఒక దారిలో, ఒకరు మాట్లాడుతుంటే మిగతావాళ్ళు ఆగాల్సిందే, పక్కింటి రౌటర్‌తో సహా. కేబుల్లో పోవడం, రావడం ఒకేసారి జరిగిపోతాయి; ఇక్కడ వంతులే. ఫోనులో కనిపించే లింక్ స్పీడులో సగం చేతికొస్తే సంతోషించు. వైఫై 6 అనే తరం రౌటర్లలో ఒకే వంతును నలుగురికి పంచే ఏర్పాటుంది, కొంటే అదే కొను. కానీ ఫోను కూడా వైఫై 6ది అయితేనే ఆ లాభం. 1997లో వైఫైకి మొదటి ప్రమాణం వచ్చినప్పుడు గరిష్ఠ వేగం సెకనుకు 2 మెగాబిట్లేనంటే నువ్వు నమ్మవు!

2.4 దూరం పోతుంది, కానీ ఇరుకు. అందులో ఒకదానితో ఒకటి తగువు పడని ఛానెళ్ళు 1, 6, 11 మాత్రమే. మైక్రోవేవ్ ఓవెన్ పనిచేసేదీ అక్కడే. 5 విశాలంగా ఉంటుంది, ఇనుప చువ్వల స్లాబ్ దగ్గర మాత్రం నీరసపడిపోతుంది. నాలుగు యాంటెనాలు చూసి మోసపోకు. రౌటర్ ఎంత గట్టిగా అరిచినా, చిన్న బ్యాటరీతో నడిచే నీ ఫోను జవాబు దానికి వినబడాలి కదా.

రౌటర్‌ని టీవీ వెనక దాచొద్దు. పాస్‌వర్డు పెట్టేటప్పుడు రౌటర్ సెట్టింగుల్లో భద్రతా పద్ధతిగా డబ్ల్యూపీఏ 2 గాని 3 గాని ఎంచుకో.

సెంట్రింగ్ ఎప్పుడు మొదలో మేస్త్రీని కనుక్కుని చెప్పు, వస్తాను. పైపులో ఒక లాగుడు తీగ వదలమని ఎలక్ట్రీషియన్‌కి ఇప్పుడే చెప్పి ఉంచు.

పెదనాన్న