పాత వస్తువు, కొత్త పని: మీ ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: ఇంటీరియర్ డిజైన్ చదువుతున్నాను. పాత సామాన్ల కొట్లో పెడన కలంకారీ అచ్చులు నాలుగు దొరికాయి. సందులన్నీ ఎండిన రంగుతో పూడుకుపోయాయి. పైగా నాలుగూ వేర్వేరు డిజైన్ల జతల్లోవి. వీటితో కర్టెన్ గుడ్డ మీద నల్లటి అచ్చు వేయొచ్చా?
– పాఠకురాలు, విజయవాడ

జవాబు: నిక్షేపంగా వేయొచ్చు. కానీ అచ్చుల్ని రాత్రంతా నీళ్లలో నానబెట్టకండి. అచ్చు చేసిన టేకు చెక్క ఉబ్బి, ఆరేటప్పుడు సన్నటి గీతలు చెక్క నార వెంబడి విరిగిపోతాయి. పొడి టూత్‌బ్రష్‌తో దులిపి, మొన చెక్కిన వెదురు పుల్లతో పూడిక తియ్యండి. మొండికేసిన చోట గోరువెచ్చటి నీళ్లు తడిపిన బ్రష్‌తో రెండు నిమిషాలు రుద్ది, గుడ్డతో అద్ది, నీడలో రెండు రోజులు నిలబెట్టి ఆరనివ్వండి.

ఆరాక అద్దం మీద బోర్లించండి. ఏ మూలనైనా అచ్చుకూ అద్దానికీ మధ్య కాగితం దూరితే అక్కడ అచ్చు అరిగినట్టు. గరుకు కాగితం పట్టి సమం చేయబోకండి. చెక్కిన గీత పైన సన్నగా, అడుగున లావుగా ఉంటుంది కాబట్టి అరగదీసిన కొద్దీ గీత మొద్దుబారుతుంది. బల్ల మీద గోనె ఆరు మడతలు వేసి, పైన ఉతికిన నూలుగుడ్డ పరిస్తే ఆ కాస్త ఎగుడుదిగుడూ సర్దుకుంటుంది.

ఇక నలుపు. తుప్పు పట్టిన ఇనప ముక్కలు పావుకిలో, బెల్లం 50 గ్రాములు, నీళ్లు రెండున్నర లీటర్లు కుండలో పోసి, మూతికి గుడ్డ కట్టి 15 నుంచి 20 రోజులు ఉంచండి. మూత బిగించొద్దు, పులిసేటప్పుడు గాలి పుడుతుంది. వడగట్టి, చింతగింజల పొడితో కాచిన గంజి కలిపి పలచటి పెరుగులా చేసుకోండి. కర్టెన్ గుడ్డను దానికున్న గంజి పోయేలా ఉతికాక, మీటరుకు 20 గ్రాముల కరక్కాయ పొడి కలిపిన లీటరు నీళ్లలో అరగంట ముంచి, ఎండలో ఆరేయండి. కరక్కాయ వగరూ ఇనుమూ కలిసిన చోటే నలుపు పుడుతుంది. అద్దగానే బూడిద రంగులో కనిపించిన గీత మీ కళ్లముందే నలుపెక్కుతుంది. ఈ పనిలో అన్నిటికంటే అందమైన క్షణం అదే.

అచ్చును రంగులో నేరుగా ముంచితే సందులు నిండి ముద్దగా పడుతుంది. కంబళి ముక్కకు రంగు పీల్పించి, పైన పలచటి గుడ్డ పరిచి దాని మీద అద్దండి. గుడ్డ మీద పెట్టాక పిడికిలి అడుగుతో ఒక్కటే దెబ్బ. రెండో దెబ్బకు అచ్చు కదిలి గీత రెండుగా పడుతుంది. మర్నాడు గుడ్డను పారే నీళ్లలో బాగా జాడించండి. ఇనుము ఎక్కువగా మిగిలిపోతే కొన్నేళ్లకు ఆ గీతల వెంబడే గుడ్డ చిరుగుతుంది. నలుపుకు వాడిన అచ్చును పటికతో తెచ్చే ఎరుపు రంగుకు వాడొద్దు. చెక్కలో దాగిన ఇనుము తగిలి ఎరుపు కమిలిపోతుంది.

జత లేని అచ్చులంటారా, అదే మీకు అదృష్టం. ఒక్క అచ్చునే పావు మలుపు తిప్పుతూ నాలుగుసార్లు వేస్తే కొత్త పువ్వు వస్తుంది. న్యూస్‌పేపర్ అడ్డం పెట్టి సగమే వేస్తే అంచు తయారవుతుంది. గుడ్డ ముట్టుకునే ముందు కాగితం మీద కనీసం 20 రకాలు వేసి చూడండి.

ప్రశ్న: పాత అచ్చులోంచి సన్నటి పొడి రాలుతోంది. కిరసనాయిలు రాసినా ఆగలేదు.
– పాఠకుడు, వరంగల్

జవాబు: అది పుచ్చు. పురుగు లోపలుంది, పైన రాసింది దాని దాకా చేరదు. అచ్చును ప్లాస్టిక్ కవర్లో గాలి చొరకుండా కట్టి, మైనస్ 18 డిగ్రీల డీప్ ఫ్రీజర్‌లో రెండు వారాలు ఉంచండి. బయటికి తీశాక ఒక రోజంతా కవర్ విప్పొద్దు, విప్పితే చల్లటి చెక్కకు తేమ పడుతుంది. పెద్ద అచ్చుల్లో వెనక నుంచి ముందుకు ఉండే గుండ్రటి బెజ్జాలు మాత్రం గాలి పోవడానికి వేసినవి. వాటిని పుచ్చు అనుకుని పూడ్చకండి.

ప్రశ్న: అమ్మమ్మ గారి ఇత్తడి మరచెంబును టేబుల్ ల్యాంప్ చేయాలనుంది. కన్నం ఎక్కడ వేయాలి?
– పాఠకురాలు, రాజమండ్రి

జవాబు: ఎక్కడా వేయకండి. మూత భద్రంగా దాచి, మూతి కొలతకు వడ్రంగి చేత టేకు బిరడా చేయించండి. హోల్డర్ దాని మీద బిగించి, వైరు బిరడా పక్క నుంచే బయటికి తీయండి. చెంబులో కిలో పొడి ఇసుక పోస్తే ఒరిగిపోదు. 5 వాట్ల ఎల్‌ఈడీ బల్బు చాలు. హోల్డర్ లోహంతో చేసినదైతే మూడు తీగల వైరు వాడి, ఎర్త్ తప్పక కలపండి. తోమాలనిపిస్తే చింతపండు గుజ్జు రెండు నిమిషాలకు మించి ఉంచొద్దు. పులుపు జింకును లాగేసి ఇత్తడి మీద గులాబీ మచ్చలు తేలతాయి.